కాలవ కట్టేశారు బావా

బావా, వందనాలు.

నువ్వు వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. ఎండాకాలం కదా, రెండు వారాల కిందట కాలవకి నీళ్ళు కట్టేశారు. ఆ కబురు నీకు చెప్పకుండా ఉండలేక రాస్తున్నాను.

ఏటా అది నువ్వు మాకు చెప్పే కబురు కదా. సైకిలు దిగి, పేటలో గుమ్మం గుమ్మానికీ ఆగి, "రేపట్నించి కాలవ ఉండదమ్మా, బట్టలుంటే ఇవాళే ఉతుక్కోండి" అనేవాడివి. రిటైరయ్యాక కూడా మానలేదు. ఈసారి ఎవరూ చెప్పలేదు. ఆడవాళ్ళు మూటలతో గట్టు దాకా వెళ్ళి వెనక్కి వచ్చారు.

అక్క బాగుందని రాయాలని ఉంది. అబద్ధం రాయలేను. గుండె బలం తగ్గిందని కాకినాడలో చెప్పారు. మంచం దగ్గర్నించి వసారాలోకి రావడానికి మధ్యలో గోడ పట్టుకుని ఆగుతోంది. మీ అమ్మాయి సునీత మండపేట నుంచి వచ్చి, తన దగ్గరికి తీసుకెళ్తానని బతిమాలింది. అక్క కదల్లేదు.

ఆ అక్క నన్నొకటి అడిగింది బావా. అది చెప్పాలంటే ముందు నిన్ను సాగనంపిన రోజు సంగతి చెప్పాలి. నువ్వక్కడే ఉన్నావు... అయినా నీకు తెలుసో లేదో.

ఆగస్టు కదా. ఊడ్పులు అయిపోయి చేలన్నీ నిండుగా ఉన్నాయి. గోదారికి వరద, మురుగు డ్రెయిను ఎగదన్ని ఒక్క చుక్క తీసుకోవడం లేదు. మన సమాధుల తోటకి ఒక పక్క చేలకి నీళ్ళు తీసుకెళ్ళే బోదె, మిగతా పక్కలంతా రాజుగారి రొయ్యల చెరువులు. అలాంటి నేలలో గొయ్యి తవ్వితే ఏమవుతుందో కాలవ నీళ్ళు చూసుకునే లస్కరువి, నీకు నేను చెప్పాలా?

నువ్వున్నన్నాళ్ళూ ఆ కష్టం మాకు తెలియనే లేదు. పేటలో ఏడుపు వినబడితే నువ్వు ముందు శవం దగ్గరికి వచ్చేవాడివి కాదు. తూము దగ్గరికి వెళ్ళేవాడివి. షట్టరు దించి, బోదెలో నీళ్ళు డ్రెయినులోకి మళ్ళించి, రైతుల ఇళ్ళకి వెళ్ళి, "ఒక్క పూట ఓర్చుకోండి బాబూ, మనిషిని పడుకోబెట్టాలి" అని చెప్పి, అప్పుడు వచ్చి మాతో కూర్చుని ఏడ్చేవాడివి. కాలవ అవతల వాళ్ళ చావులకి దీన్ని తిరగేసేవాడివి. దహనం అయ్యాక స్నానాలు చెయ్యాలి కదా అని, నీటికి కటకటగా ఉన్న రోజుల్లో కూడా వాళ్ళ రేవుకి నీళ్ళు వదిలేవాడివి. లస్కరు ఉద్యోగంలో ఈ పని ఎక్కడుందని ఒకసారి నేను నిలదీస్తే నవ్వావు. "నీళ్ళు చూసుకోవడమే కదరా ఉద్యోగం" అన్నావు.

నీ చావుకి నీళ్ళు ఆపాలని ఎవరికీ తట్టలేదు బావా.

పెద్దలకి తట్టలేదు, నాకు తట్టలేదు. ఎప్పుడూ జరిగిపోయేది కదా, ఆ రోజూ జరిగిపోతుందనుకున్నాం. గొయ్యి నడుము లోతు రాకుండానే నీళ్ళు ఊరాయి. తవ్వుతున్న మన ఏలియా తలెత్తి, అలవాటుకొద్దీ నీ పేరే ఎత్తి, "దానియేలు గారికి చెప్పలేదేంటండీ ఎవరూ?" అని అడిగాడు. అడిగి, పార పక్కన పడేసి, తుండుతో ముఖం కప్పుకున్నాడు.

అప్పుడు పరుగులు. కొత్త లస్కరు ఎక్కడో పై లాకుల దగ్గర వరద కాపలాలో ఉన్నాడు, అతన్ని అనడానికి లేదు. రాజుగారి మనుషులు ఇంజను తెచ్చి తోడారు. తోడినంతసేపూ అడుగు కనబడింది, ఆపగానే నిండింది. సాయంత్రమైంది. వాన మొదలైంది. ఇంక ఆగలేమన్నారు.

పెట్టె దించాం. నేను వాక్యం అందుకున్నాను. మృతులు లేస్తారు, లేచి తీరతారు అని, నాకు మైకు అక్కర్లేదు కదా, రాజుగారి చెరువుల అవతలికి వినబడేలా చెబుతున్నాను.

నీ పెట్టె లేచింది.

తాళ్ళు వదిలారో లేదో తల వైపు మెల్లగా పైకి వచ్చింది. తర్వాత కాళ్ళ వైపు. నీళ్ళ మీద అటూ ఇటూ ఊగింది. దాని మీద చినుకులు టపటపా పడుతున్నాయి. నీ మేనత్త ఎస్తేరమ్మ కర్ర మీద వంగి చూసి, "లేస్తున్నాడుగా నాయనా, ఇంకేం కావాలి?" అంది నాతో. వెటకారమో, విశ్వాసమో... ఇప్పటికీ తెలియదు.

వెదురు బొంగులతో నొక్కారు. ఒక పక్క నొక్కితే రెండో పక్క లేస్తోంది. అక్క చూస్తోంది. ఆ చూపు భరించలేక, పుస్తకం ఏలియా చేతిలో పెట్టి నేనే గోతిలోకి దిగాను. రెండు అరచేతులూ నీ పెట్టె మీద ఆనించి నా బరువంతా వేసి నొక్కాను. పైనుంచి మట్టి వేస్తున్నారు. కింద నుంచి నువ్వు తోస్తున్నావు. పెట్టె తోస్తోంది అని రాయాలి... నాకు అలా అనిపించలేదు. మట్టి మణికట్ల దాకా వచ్చాక, ఇంక చేతులు లాక్కోమన్నారు.

ఊళ్ళో అందర్నీ పొడిగా పడుకోబెట్టినవాడివి. తడిలో పడుకున్నది నువ్వొక్కడివే.

ముగింపు ప్రార్థన ఎవరు చేశారో నాకు గుర్తులేదు.

అప్పట్నించీ నా చేతులు నా మాట వినడం లేదు. తొట్టిలో బోర్లించిన చెంబు ముంచితే పైకి తన్నుతుంది చూశావా... చెంబు వదిలేసి, సబ్బు ఒంటితోనే బయటికి వచ్చేస్తున్నాను. ద్రాక్షారామం దగ్గర సువార్త కూటాలకి పిలిచారు. నిప్పులు కురిపించే ప్రసంగీకుడని ఎప్పటిలాగే పోస్టరు వేశారు. బల్ల మీద చేతులు ఆనించి పునరుత్థానం మాట ఎత్తబోయాను. బల్ల కింద నుంచి తోసింది. నిజంగా తోసింది బావా. మాట మార్చేసి, తాగుడు మీద, సెల్‌ఫోన్ల మీద గంటసేపు అరిచి దిగిపోయాను. జనం ఆమెన్లు బాగానే చెప్పారు.

నువ్వుంటే ఆ రాత్రి బండి వెనకాల కూర్చుని అడిగేవాడివి. "మంట బాగానే ఉందిరా బామ్మర్దీ. అన్నం ఎప్పుడు ఉడుకుతుంది?" నీ ప్రార్థనలు గుర్తొస్తున్నాయి. సంఘంలో అంత పెద్దవాడివై ఉండీ రెండు ముక్కలతో ముగించేవాడివి. "ప్రభువా, ఇవాళ పస్తున్నవాళ్ళెవరో నాకు చూపించు" అనేవాడివి. లేచి వెళ్ళి వెతికేవాడివి కూడా. నీ వాటా అన్నం ఎన్నిసార్లు ఎవరింటికో వెళ్ళిపోయిందని అక్క సణిగేది. సణుగుతూనే ఇంకో గిన్నె సర్దేది.

నేను బడికి వెళ్ళినవాణ్ణి కాదు. తూము దగ్గర నీ పక్కన కూర్చుని, నాకు నేనే అక్షరం అక్షరం కూడబలుక్కుని ఆ పుస్తకం చదివాను. అన్నం తినేటప్పుడు కూడా నా ఒళ్ళోంచి దిగదు. ఏ మాట ఎక్కడుందో కళ్ళు మూసుకుని తీస్తాను. దాన్నిండా లేపడమే ఉంది. లేస్తున్నవాణ్ణి నొక్కిపట్టినవాడి సంగతి ఎక్కడుంది? వెతుకుతూనే ఉన్నాను...

ఇంకొకటి చెప్పాలి. చెబితే నవ్వుతావేమో. క్రిస్మస్ వెళ్ళాక ఒకరోజు కొత్త లస్కరు మనింటికి వచ్చాడు. పొద్దున తూము దగ్గరికి వెళ్తే షట్టరు దించి ఉందట. తను దించలేదట. రైతుల్ని అడిగితే, పేటలో ఎవరో పోయుంటారు, అలా పోయినప్పుడే దింపుతారు అన్నారట. ఎవరు పోయారండీ అని పరామర్శకి వచ్చాడు పాపం. ఎవరూ పోలేదు. అతను వెళ్ళిన సాయంత్రమే అక్కకి మొదటిసారి ఊపిరి అందలేదు.

ఎవరు దించారు బావా? నువ్వేనా?

ఈ మాట అక్కకి చెప్పలేదు. ఆమెకి తెలుసనే నా అనుమానం.

ఈస్టరు తెల్లవారుజామున అందరూ కొవ్వొత్తులతో తోటకి వచ్చారు. అక్క ఆటోలో వచ్చింది. నీ మీద నేల కుంగి, పాదు తీసినట్టు నీళ్ళు నిలిచాయి. అందులో కొవ్వొత్తుల వెలుగు కదులుతోంది. ప్రభువు లేచాడని నేను ప్రకటించాలి. నోరు తెరిచాను. మాట రాలేదు. నాకు ఏడుపొచ్చిందనుకుని జనమే పాట అందుకున్నారు. అక్క మాత్రం పాడలేదు. నన్నే చూసింది.

ఇంటికి వచ్చి, ఆయాసం తగ్గాక, నన్ను దగ్గరికి పిలిచింది. "తమ్ముడూ, నేను పోతే ఆ నీళ్ళలో పెట్టొద్దు. కాల్చెయ్యండి" అంది.

కాల్చడమా? మనింట్లోనా? మనవాళ్ళలో ఎవరైనా ఆ మాట ఎత్తితేనే నేను ఎంతెంత మాటలు అన్నానో అక్క వినలేదా? పుస్తకం తెరిచాను. ఆమె చేత్తో మూసేసింది. "నీ దగ్గర ఎన్నో ఏళ్ళు విన్నాను. ఆయన్ని నొక్కుతుంటే చూశాను. నన్నెవరూ నొక్కొద్దు. మాటివ్వు" అంది.

ఇవ్వలేకపోయాను. ఇస్తే నువ్వొక చోట, ఆమె బూడిదై ఇంకో చోట. ఇవ్వకపోతే ఆ భయంతోనే కళ్ళు మూస్తుంది. నువ్వైతే ఏం చేసేవాడివి?

నువ్వైతే నెమ్మదిగా వెళ్ళి ఎవరి అరుగు మీదో కూర్చునేవాడివి. నేను రాజుగారి మీదికి వెళ్ళాను. చెరువు గట్టు మీద నిలబడి, పోయినవాళ్ళకి కూడా పొడి నేల లేకుండా చేశారని, తీర్పు దినం ఒకటుందని గట్టిగానే చెప్పాను. ఆయన కోప్పడలేదు. "ముందు కూర్చోండి. మీ బావగారొస్తే మజ్జిగ అడిగేవారు. మీరొస్తే తీర్పు అడుగుతున్నారు" అన్నారు. మజ్జిగ తెప్పించారు. తాగక తప్పలేదు. కాలవ కట్టాక రెండు చెరువులు కలిపేస్తున్నారట, మధ్య గట్టు తవ్విన మట్టి ఎక్కడ పొయ్యాలా అని చూస్తున్నారట. మన తోటలో పోయిస్తాను, మనిషెత్తు మెరక చేసుకోండి అన్నారు. నీ గురించి కూడా ఒక మాట అన్నారు. ఇన్నేళ్ళూ వచ్చి నీళ్ళు ఆపుకోమనే అడిగారు గానీ, మట్టి కావాలని ఒక్కసారీ అడగలేదండీ అని.

అక్కకి చెప్పడానికి పరిగెత్తుకుంటూ వచ్చాను. నేల లేస్తుంది, పొడి చోటు దొరుకుతుంది, ఇంక కాల్చే మాట ఎత్తకు అన్నాను. అక్క మెల్లగా, "మరి ఆయన?" అంది.

నాకు తట్టనే లేదు బావా. అంత మట్టీ నీ మీదే పడుతుంది. మళ్ళీ వానలొస్తే నువ్వు అడుగున ఆ నీళ్ళలోనే, ఇంకా లోతుకి. నా చేతులు చాలవని ట్రాక్టర్లతో నొక్కించబోయాను.

నిన్ను పైకి తీసి మెరక మీద పెట్టాలంటే ఇవే రోజులు. కాలవ లేదు, చెరువులు ఎండగట్టారు, తోటలో నేల బీటలిచ్చింది. సంఘ పెద్దలు సరే అన్నారు, పంచాయతీ అనుమతి తీసుకున్నారు. ఒప్పుకోనిది నేనొక్కణ్ణే. భయం. మూత ఊడి ఉంటే ఏం చూస్తాను? నన్ను తోసిన చేతులు ఎలా ఉంటాయి? ఊరూరా పునరుత్థానం చాటినవాణ్ణి, ఒక్క గొయ్యి తెరవడానికి జంకుతున్నాను. ఆ జంకు అక్కకి చూపించలేక, ప్రభువు వచ్చినప్పుడు ఆయనే లేపుకుంటాడు, మనం ముట్టుకోకూడదు అన్నాను. పేజీలు కూడా తిప్పాను.

అక్క గోడ పట్టుకుని లేచి నిలబడింది.

"నాలుగు రోజుల శవాన్ని ప్రభువు పేరు పెట్టి పిలిచి లేపిన సంగతి చెప్పి మమ్మల్ని ఏడిపించేవాడివి కదా. అక్కడ సమాధికి అడ్డం ఉన్న రాయి ఎవరు తీశారు? మనుషులే కదా. ప్రభువు పని ప్రభువు చూసుకుంటాడు. నొక్కింది నువ్వు. తీసేదీ నువ్వే."

పుస్తకం మూశాను. నిన్ను తీస్తే నీ పక్కనే తనకీ చోటు ఉంచమంది. తియ్యకపోతే తన మొదటి మాటే ఖాయమంది.

తూర్పు మూల ఇప్పటికే మట్టి పోసి మెరక చేశారు. నీకు అక్కడ గొయ్యి తవ్వి ఉంచాం. దిగి చూశాను, అడుగు దాకా పొడి. దాని పక్కన అక్కకి సరిపడా జాగా వదిలి, రాళ్ళు పాతాను. మిగతా తోటకి ట్రాక్టర్లు ఎల్లుండి వస్తాయి.

రేపు పొద్దున్నే వస్తున్నాను బావా. ఏలియా వస్తాడు. సునీత మొగుడు మండపేటలో కొత్త పెట్టె చేయించి తెచ్చాడు. అక్క ఆటోలో కూర్చుని చూస్తానంది. వద్దంటే వినదు, నీకు తెలుసుగా. మొదటి పార నేనే వేస్తాను. నీ పెట్టె తగిలాక నా చేతులు ఏం చేస్తాయో తెలియదు... వెనక్కి మాత్రం లాక్కోను.

ప్రసంగం ఉండదు. పుస్తకం ఇంట్లో పెట్టి వస్తున్నాను. రెండు చేతులూ కావాలి.

నీ బామ్మర్ది,
ప్రకాశం