పునీత వాలెరీ చేతిలోని తల

1557 అక్టోబరు 4

మా అబ్బాయి మర్సోకి ఊరి పాలన చూసే కాన్సుల్ గారింటి పని వచ్చింది. పూజలో ఊరంతా వరసగా ముద్దుపెట్టుకునే ఎనామిల్ పలక, రాగిరేకు మీద గాజురంగులు పూసి బట్టీలో కాల్చేది. దాని మీద పునీత వాలెరీ, తెగిన తన తలను తానే చేతుల్లో పట్టుకుని బిషప్పు దగ్గరికి నడిచివెళ్లిన తల్లి. ఆవిడకు కాన్సుల్ భార్య ఒదెత్ దొరసాని ముఖం పెట్టాలట. నచ్చితే మర్సోకి సొంత బట్టీ పెట్టుకునే అనుమతి వస్తుంది. నచ్చకపోతే?

అక్టోబరు 9

గీసి చూపించిన బొమ్మ నచ్చలేదు. నా తలను కోడిని కోసినట్టు చేతిలో పెడతావా, నా మెడ మీదే ఉండాలి అందట దొరసాని. చేతుల్లో తల లేకపోతే అది వాలెరీ కాదు, ఎవరో పెళ్లికూతురు, గుడిలోకి రానివ్వనని ఫాదరు గారు. వీళ్లిద్దరి మధ్య మావాడు.

అక్టోబరు 10

రెండు తలలు పెట్టమందట దొరసాని. మెడ మీద దొరసానిది, చేతుల్లో ఇంకెవరిదో. ఊళ్లో ఆడముఖాలకు కరువా అందట.

అక్టోబరు 16

కరువే. తెగిన తలకు ముఖం ఇస్తే ఏడాది తిరక్కుండా పోతారని అందరికీ భయం. రొట్టెలమ్మే పెర్నెల్, నీ కోడల్ని కూర్చోబెట్టరాదూ అంది నవ్వుతూ. ఎవర్నీ చూడకుండా గీస్తే అన్నీ దొరసానిలాగే వస్తున్నాయి మర్సోకి. పన్నెండు రోజులుగా ఆవిడ ముఖమే గీస్తున్నాడు పాపం. నేను కూర్చుంటాలే అత్తా అంది కోడలు గలియాన్. ఆరో నెల దానికి. గరిటె విసిరికొట్టాను.

అక్టోబరు 17

నేనే కూర్చున్నాను. కళ్లు మూసుకోమన్నాడు. ముడతలు ఉంచనా తీసెయ్యనా అమ్మా అన్నాడు. చచ్చినదానికి సోకులెందుకురా అన్నాను. ముడతలన్నీ గీశాడు.

నవంబరు 20

పలక ఆఖరిసారి బట్టీలోకి వెళ్లింది. పగిలితే మళ్లీ మొదటికొస్తుంది. బట్టీ ముందు నా మెడ పట్టుకుని కూర్చున్నాను. పగల్లేదు. నల్లటి పలక మీద తెల్లగా నా ముఖం. నాకు దగ్గు మొదలైంది. పొగకే అత్తా అంటుంది గలియాన్. పొగకేనా?

డిసెంబరు 10

వాలెరీ పండుగ. ముద్దుకి పలకను ముందుగా పెద్దవాళ్లకు అందిస్తారు, తర్వాత హోదా తగ్గేకొద్దీ కింది వాళ్లకు. మొదట ఒదెత్ దొరసాని. వంగింది. వంగి ఆగిపోయింది. తన ముఖాన్ని తనే ఎలా ముద్దుపెట్టుకుంటుంది, ఊరంతా చూస్తుంటే? మావాడి బట్టీ పోయిందనుకున్నాను. ఆవిడ ఇంకాస్త కిందికి వంగి చేతుల్లోని తల నుదుటికి పెదాలు ఆనించింది. ఎంత వినయమో అని వెనకెవరో అన్నారు. దొరసాని ముఖం వెలిగింది. ఇక కాన్సుల్ గారు, నోటరీలు, కసాయివీధి పెద్దలు, వాళ్ల పెళ్లాలు, అందరూ ఆవిడ పెట్టినచోటే. బయటికొచ్చాక కాన్సుల్ గారు మర్సో భుజం తట్టి, బట్టీకి స్థలం చూసుకోవయ్యా అన్నారు.

డిసెంబరు 11

నిన్న వరసలో ఆఖరుదాన్ని నేనే. ఫాదరు గారు పలక తుడవబోతే వద్దన్నాను. చచ్చినవాళ్ల నుదుళ్లు చాలా ముద్దుపెట్టుకున్నాను, చల్లగా ఉంటాయి. ఊరంతా ముద్దుపెట్టిన నా నుదురు వెచ్చగా ఉంది.