నాన్న పళ్ళు పీకించొద్దు

అమ్మా, నేను బాగానే ఉన్నాను, చిగుళ్ళ రక్తం ఆగిపోయింది, బెంగపడకు.

నాన్న ముందుపళ్ళు కదులుతున్నాయని అన్నీ పీకించేసుకుంటానంటున్నాడట, చెల్లి రాసింది. ముందు దాన్ని ఆపు! నిన్న పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను. నా నోరు చూసి, "ఏం పని చేస్తావు బాబూ?" అంది. "ఇనప గేట్లకు తీగల బ్రష్షుతో తుప్పు గీకి రంగులేస్తానండీ" అన్నాను. "పళ్ళక్కూడా ఆ బ్రష్షేనా? చిగుళ్ళు అరగదీసుకున్నావు, గార మాత్రం ఎక్కడిదక్కడే ఉంది" అని నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. నురగ ఎర్రబడేదాకా తోమితేనే తోమినట్టని మనింట్లో నేర్పిందెవరు? నాన్నే కదా! గట్టిపడిన గార ఎంత తోమినా పోదట, వాళ్ళే మిషన్‌తో తీయాలట. నాకు తీసేసింది, నోరు హాయిగా ఉంది. జారిన చిగురు మాత్రం మళ్ళీ రాదట. ఇకమీదట మెత్తటి బ్రష్షుతో చిగురు అంచున నెమ్మదిగా తోమి, పళ్ళ సందుల్లో దారం ఆడించమంది. నాన్న సంగతి అడిగితే, "కదిలే పళ్ళు కూడా కొన్ని నిలబడతాయి, పీకించకముందు తీసుకురా" అంది.

ఆదివారం వచ్చి తీసుకెళతాను. ఈలోగా ఆయన గట్టి బ్రష్షు చెత్తబుట్టలో పడెయ్యి, అరిస్తే అరవనీ. కుట్టుమిషన్ బాగైందా? చెల్లి చెప్పుల సైజు రాయి. కార్డు మీద రాశాను, పోస్టుమాన్ గారు ఇదంతా చదివినా ఫరవాలేదు, ఆయన పళ్ళకూ మంచిదే.

నీకు దండాలు, చెల్లికి ముద్దులు. నాన్నకు దండం ఆదివారమే, అదీ పళ్ళన్నీ ఉంటేనే.