పళ్ల మధ్య రిబ్బను

అత్తయ్యగారూ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీ అబ్బాయి సంవత్సరీకం పెడుతున్నాడట, నన్ను పిలవలేదు. మీరు వెళ్లాక మేం విడిపోయాం. పాప ఎవరి దగ్గర ఉండాలో తేల్చడానికి కోర్టువాళ్లు మమ్మల్ని పంజగుట్టలో ఒక సైకాలజిస్టు దగ్గరికి పంపారు.

నిన్న నా వంతు. "ఇంట్లో ఎలా ఉంటారో అలాగే ఉండండమ్మా, నేనో పక్కన కూర్చుంటాను" అందావిడ. ఇంట్లో నేనెక్కడున్నాను? పొద్దున్నే ఆరింటి జావా బ్యాచ్‌కి పాఠం చెప్పడానికి నేను అమీర్‌పేట పరిగెడితే, పాపకి రోజూ జడలు వేసింది మీరే.

పాప జడ విప్పుకుని నా ముందు కూర్చుంది. "నానమ్మ లెక్క వెయ్యి" అంది, మీలా వెయ్యమని, మీ యాసలోనే. నాకు ఒళ్లు మండింది. ఏడాదైనా ఆ జుట్టు ఇంకా మీదే.

అయినా మీలాగే రిబ్బను పళ్ల మధ్య పట్టుకున్నాను. "ఎంగిలి చేస్తారేంటండీ" అని మిమ్మల్ని ఎన్నిసార్లు కసిరానో! "గింత దానికి ఏమైతది బిడ్డా" అని నవ్వేవారు మీరు.

అంతే, పాప నా మోకాళ్లకి జేరబడి బడి కబుర్లు మొదలుపెట్టింది. అన్నీ నాకెప్పుడూ చెప్పనివే.

సైకాలజిస్టు ఏదో రాసుకుంటూ అడిగింది. "రోజూ ఇలాగే వేస్తారా?"

తలూపాను. నోట్లో రిబ్బను ఉంది కదా. లేకపోయినా మీ పేరు చెప్పేదాన్ని కాదు.