ఊదారంగు శాలువా

అమ్మాయీ,

నీ ఉత్తరం అందింది. మీ అక్క గుర్తుగా ఆ ఊదారంగు శాలువా పంపమని అడిగావు. పంపలేకపోతున్నాను. కోప్పడకుండా సంగతి విను.

పోయే ముందు మీ అక్క ముచ్చటపడి ఓ కుక్కపిల్లను తెచ్చుకుంది కదా. తను కనబడకపోయేసరికి అది బెంగ పెట్టుకుంది. నేను పనికి వెళ్తూ బోనులో పెడితే గొంతు పోయేలా ఏడ్చేది, చువ్వలు కొరికేది. ఇంట్లో వదిలితే మూలమూలా తడిపేది. పశువుల డాక్టరును అడిగాను.

"దానికి అలవాటైన మనిషి కట్టి విడిచిన బట్ట ఏదైనా లోపల పరవండి. తలుపు తీసే ఉంచి, దానంతట దాన్ని వెళ్లనివ్వండి. కసరకండి" అన్నాడాయన.

ఇంట్లో ఉతకకుండా ఉన్నది ఆ శాలువా ఒక్కటే. ముఖానికి ఆనించుకుంటే మీ అక్క పక్కనే ఉన్నట్టుండేది. మనసొప్పక కొన్నాళ్లు దాచుకుని, చివరికి పరిచాను. కుక్కపిల్ల దాన్ని వాసన చూసి, బోనులోకి వెళ్లి ముడుచుకుని పడుకుంది. సాయంత్రానికి దాన్నీ తడిపేసింది. ఉతకక తప్పలేదు. ఆ నీళ్లు పారబోయడానికి చేతులు రాలేదు, తల్లీ.

ఇప్పుడు అందులో సబ్బు వాసనే. అయినా పిల్ల దాని మీదే పడుకుంటోంది. ఎలా లాగేయను?

ఈ పొద్దున అది మొదటిసారి తనంతట తనే పెరటి తలుపు గీకింది. తీయగానే పెరట్లోకి పరుగెత్తి, పని కానిచ్చుకుని వచ్చింది. సంతోషం పట్టలేక, "ఏమేవ్, చూశావా! బయటికెళ్లొచ్చింది!" అని వంటింట్లోకి కేకేశాను.

నా కేక విని కుక్కపిల్ల కూడా తోక ఊపుతూ అటే చూసింది.

మీ బావ