డేగ అక్షరం, ఏడు ఓట్లు

కువానో ఊరు,
మెయిజీ 23 (1890), జూన్ 5

అభ్యర్థి వషిజు తొకుజో గారికి,

కోపంలో ఉన్నాను కనుక కుశలప్రశ్నలు దాటేస్తున్నాను. మీ ఉత్తరంలో నన్ను "మీసమున్న మగవారు, పెద్ద పన్నుదారులు" అన్నారు. రెండోది నిజం, మొదటిది కాదు. మిసావో అనే పేరు మగవాళ్లకూ పెడతారు, ఆడవాళ్లకూ పెడతారు. నేను రెండో రకం. అరవై ఎనిమిదేళ్ల వితంతువుని. మల్బరీ తోటలు నా పేరనే ఉన్నాయి. ఓటుకు పదిహేను యెన్ల పన్ను కట్టాలంటే నేను దానికి రెండింతలు కడుతున్నాను. పుచ్చుకునేటప్పుడు ఆడా మగా అని ఎవరూ అడగరు. ఓటు దగ్గరకొచ్చేసరికి అడుగుతారు. చట్టసభకు వెళ్తే ఈ సంగతి లేచి నిలదీస్తారా, లేదా? అదొక్కటి చెప్పండి.

ఇట్లు,
హగివారా మిసావో

తా.క. మీరు కానుకగా పంపిన గడ్డం గీసుకునే కత్తి అందింది. ముల్లంగి బాగా తెగింది.

మత్సుమోతో, జూన్ 10

మహాశయులు హగివారా వారి సముఖానికి,

ఈ వానాకాలంలో తమరు కులాసా అని తలుస్తాను. "నేను మగవాణ్ణి కాను" అన్నారు. ఎంత వినయం! తమ చమత్కారానికి మా కార్యాలయమంతా నవ్వింది. పంపినది చాలలేదని గ్రహించాను. ఒక పీపా సాకే సారా పంపుతున్నాను. పన్నెండో తేదీ సాయంత్రం సత్రంలో విందు, పాట, నాట్యం. తప్పక దయచేయండి.

తమ ఓటు కోరే సేవకుడు,
వషిజు తొకుజో

తా.క. శ్రీమతి గారికి చెప్పకుండా రండి.

కువానో, జూన్ 13

వషిజు గారూ,

నా శ్రీమతికి చెప్పకుండానే వచ్చాను. గుమ్మంలో మీ మనిషి, "బామ్మా, గిన్నెలు తోమేవాళ్లు వెనకనుంచి రావాలి," అన్నాడు. మీ ఉత్తరం చూపించాను. "ఓహో, ముసలాయనకి ఒంట్లో బాగాలేదా?" అన్నాడు. "పోయి పదకొండేళ్లయింది నాయనా, ఇక బాగుపడడు," అన్నాను. తలుపేశాడు. లోపల మీరు "ప్రజల గొంతు నేనే!" అని అరుస్తున్నారు. ఆ ప్రజ బయట వానలో, చిరుగుల గొడుగు కింద నిలబడి వింది.

నా ప్రశ్నకు జవాబేదీ?

తడిసిన మిసావో

తా.క. లోపల పాడినామెకు శ్రుతి కుదరలేదు. మీకూ అంతే.

మత్సుమోతో, జూన్ 20

హగివారా మిసావో అను స్త్రీకి,

విచారించాము. మీకు ఓటు లేదు. ఓటు లేనివారికి జవాబిచ్చే తీరిక నాకు లేదు. పీపా, కత్తి వెనక్కి పంపగలరు.

అయితే మీ ఊళ్లో ఓటున్న ఏడుగురూ చిన్నప్పుడు మీ దగ్గరే అక్షరాలు దిద్దారట. ఏడుగురూ నావైపే. చిక్కల్లా వషిజు అనే నా ఇంటిపేరులో 'డేగ' అని అర్థమిచ్చే అక్షరం. దానికి ఇరవైమూడు గీతలు. చీటీ మీద పైన అభ్యర్థి పేరు, కింద ఓటరు పేరు, ముద్ర ఉండాలి. తప్పు రాస్తే చెల్లదు. మూలప్రతి రాసిచ్చి దిద్దించండి. దేశసేవ అనుకోండి.

వషిజు

తా.క. మీ చేతిరాత బాగుంటుంది. అచ్చం మగవాడి రాతే.

కువానో, జూన్ 25

అభ్యర్థి గారికి,

దిద్దిస్తున్నాను. అందరూ నలభై దాటినవాళ్లే. పట్టుపురుగులకు మేత వేసి, ఒంటినిండా ఆకు వాసనతో వచ్చి మా వసారాలో కూర్చుంటున్నారు. "పంతులమ్మగారూ, నిజం డేగకే ఇన్ని ఈకలుండవండీ!" అని వాళ్లలో మొహేయి గొణిగాడు. "నోరు మూసుకుని ఉన్నది ఉన్నట్టు దించరా. చుక్క వదిలావో, చెవి ఉండదు," అన్నాను. ఆ చెవికి నా వేళ్లు ఇంకా గుర్తున్నాయి.

దేశసేవలో,
మిసావో

తా.క. పీపా వెనక్కి రాదు. డేగను దిద్దించడం దాహమేసే పని.

మత్సుమోతో, జూలై 4

ఏమమ్మా,

నాలుగు ఓట్ల తేడాతో ఓడిపోయాను! మీ ఊరివి ఏడూ చెల్లవని తీసి పక్కన పడేశారు. ఎందుకయ్యా అంటే గుమాస్తా చెప్పబోయి నవ్వుతాడు, మళ్లీ చెప్పబోతాడు, మళ్లీ నవ్వుతాడు. డేగలో గీత తప్పించావు కదూ?

వషిజు

తా.క. ఆ కత్తైనా పంపు. గడ్డం పెరిగింది.

కువానో, జూలై 8

నాయనా తొకుజో,

ముందు నీ మాట దిద్దనీ. డేగలో గీత తప్పలేదు. ఏడు డేగలూ ఎగిరిపోయేంత బాగా కుదిరాయట.

నువ్వడిగింది మూలప్రతి. మూలప్రతి అన్నాక కింద గురువు పేరుంటుంది. మా బడిలో అదే అలవాటు. ఓటు వేసే గదిలో నడుముకి కత్తి కట్టిన పోలీసును చూసి ఏడుగురికీ చెమటలు పట్టాయి. నేను చెప్పినట్టే ఉన్నది ఉన్నట్టు దించారు. పైన నీ పేరు. కింద, తమ పేరు రాయాల్సిన చోట, హగివారా మిసావో. ముద్రలు మాత్రం ఎవరివి వాళ్లు వేసుకున్నారు.

ఒక్క ఓటుకు కూడా పనికిరానన్నారు. ఏడు వేశాను. ఏడూ నీకే వేశాను, ఏడవకు. "ఇది ఆడమనిషి పేరు, చెల్లదు," అన్నాడట గుమాస్తా. నా పేరు చూసి నేను ఆడదాన్నని కనిపెట్టిన మొదటి మగాడు అతనే. ఆ పీపా అతనికి పంపాల్సింది.

కావాలని చేశావా అంటావు. "కింద మీ పేర్లు రాసుకోండర్రా" అని ఒక్క మాట చెబితే సరిపోయేది. ఓటు లేనిదాన్ని కదా, ఆ మాట చెప్పే తీరిక నాకు లేకపోయింది.

నీ ఓటరు,
హగివారా మిసావో

తా.క. నీ డేగ నేను రాసే కుంచెలన్నీ అరగదీసింది. మీ ఊళ్లో వంతెన దిగగానే ఎడమపక్క కుంచెల కొట్టుంది. మేకవెంట్రుకలవి రెండు, సన్నమొనది ఒకటి కొను. మొన తడిపి చూసి మరీ తీసుకో. మా ఊరికి ఆకుబుట్టలు తెచ్చే బండివాడి చేతికివ్వు. మళ్లీ ఎన్నికలొస్తాయి. నా ప్రశ్నకు జవాబు రాసి, ఆ కాగితంలోనే కుంచెలు చుట్టు.