చేతికి చుట్టుకున్న తాడు

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. అక్క నీ పేరున అన్నం పెట్టింది. నేను విస్తరి ముందు నుంచి లేచి, ఆ బోటు యాదగిరిని నాలుగు తిట్టి రావాలని సాగర్ బస్సెక్కాను.

వాడు మళ్లీ అదే పని చేస్తున్నాడు. బోటు వెనక తాడు, తాడు చివర లారీ ట్యూబు. దాని మీద పట్నం ఆసామి ఒకడు అచ్చం నీలాగే తాడును చేతికి చుట్టుకుని కూర్చున్నాడు.

“ఓ సారూ, ఆ చుట్లు తియ్యి! కింద పడితే బోటు నిన్ను ఈడ్సుకపోతది” అని అరిచాను.

“ఏం గాదు, జర మెల్లగనే తోల్త” అన్నాడు యాదగిరి.

“నిరుడు గూడ గదే అన్నవ్. ఎనక్కి సూసెటోడు లేకుంట బోటు కదిలితే ఇంజను పలగ్గొడ్త!”

మగ్గం మీద నూలుకు ముడి బిగించేటప్పుడు దారం వేలికి చుట్టుకుని లాగే అలవాటు నీది. దారమైతే తెగుతుంది. నైలాన్ తాడు తెగుతుందా? లైఫ్ జాకెట్ ఇస్తే చెమట కంపని విసిరేశావు. ఎంత టెక్కు నీది!

చివరికి ఆసామి చేత ఆ చుట్లు తీయించి, నేనే బోటెక్కి, వెనక్కి తిరిగి కూర్చున్నాను. ఆసామి ఒకసారి పడ్డాడు. వెంటనే ఆపించాను. వాడు నవ్వుతూ తేలితే వాడి మీదా మండింది.

తప్పంతా నీదేనని అక్కకు ఏడాదిగా చెబుతున్నాను. ఆ రోజు బోటు వెనక బల్ల మీద కూర్చున్నది నేనేనని, ముందుకు తిరిగి కూర్చున్నానని మాత్రం చెప్పలేదు.