వేపుడు కొట్టు మీ చేతుల్లో పెడుతున్నాను

హార్‌గ్రీవ్స్ గారికి,

మొన్నటి ఎన్నికల్లో మిమ్మల్ని ఓడించాలని నాకు ఏ కోశానా లేదండీ. ఇరవై ఏళ్లుగా మీరే గెలుస్తున్న ఊళ్లో నిలబడడానికి మా పార్టీకి మనిషి దొరకలేదు. "ఊరికే పేరివ్వు, ఎలాగూ గెలవవు" అంటే ఇచ్చాను.

ఇప్పుడు నా చేపల వేపుడు కొట్టు ముందు వరసలో నిలబడి అందరూ నన్నే తిడుతున్నారు.

"ఆయన్ని కాస్త భయపెడదామని నీకు వేశాను గానీ, గెలిచి కూర్చోమన్నానా?" అని ఈనిడ్ అవ్వ చేపల మీద చల్లుకునే వెనిగర్ సీసా ఊపుతూ నా మీదికొచ్చింది.

"నేనూ అందుకే వేశా! నీకైనా బుద్ధుండక్కర్లేదా?" అన్నాడు మాంసం కొట్టు విల్ఫ్.

సోమవారం నేను లండన్‌లో పార్లమెంటుకు వెళ్లాలి. కొట్టు మూస్తే ఈ ఊరు నన్ను బతకనివ్వదు. మీరిప్పుడు ఖాళీయే కదా! ఊరికోసం ఏ పనైనా చేస్తానని ఓట్లడగడానికొచ్చినప్పుడు మా గుమ్మంలోనే అన్నారు. నూనె బాగా కాగాకే చేప వేయండి. ఈనిడ్ అవ్వకు సీసా అందనివ్వకండి.

ఇంకొక్క మాట, మన మధ్యే ఉండాలి. వరసలో ఒక్కొక్కర్నీ అడిగి చూశాను. ఊరు మొత్తమ్మీద మీకు ఓటేసింది నేనొక్కదాన్నే అనిపిస్తోంది.

ఇట్లు,
మీ కొత్త ఎంపీ